రేపు వచ్చే గుంపు

ఆ ఇంట్లో పెద్దకోడలికి స్టీలు చెంబు, చెక్క దువ్వెన విడిగా ఉంటాయి. కోపమొస్తే ఆమె చేతిలో ప్లాస్టిక్ మెత్తబడి వంగిపోతుంది. కొందరికి దుమ్ము పడదు, తుమ్ముతారు. ఈమెకు ఇలా అవుతుంది. పెళ్ళైన కొత్తలోనే అత్తగారు బకెట్లన్నీ ఇనపవి కొనేసి ఊరుకుంది. మరిది మాత్రం పెనం వదిన అని పేరు పెట్టాడు.

ఆమె ఉద్యోగం నీళ్ళ ఆఫీసులో, ఫిర్యాదుల కౌంటరు దగ్గర. ఎవరొచ్చినా "సారు లేరు, రేపు రండి" అని చెప్పాలి. ఆఫీసరు లోపలి గదిలోనే ఉంటాడు. ఉన్నాడని చెప్పకూడదు. కుళాయి రాని వీధులవాళ్ళు రేపు వస్తారు, ఆ మర్నాడూ వస్తారు.

ఆవేళ ఒక ముసలాయన కాగితం చాపి, "ఏ రేపమ్మా? ఆ వారం పేరేదో చెప్పు, ఆ వారమే వస్తా" అన్నాడు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో తేల్చుకునేలోపే చేతిలో ఫోను రిసీవరు అరటితొక్కలా వేలాడింది.

జనం వెళ్ళాక ఆఫీసరు పిలిచాడు. "మళ్ళీ ఫోనా? నీళ్ళు రానిది వాళ్ళకి. నీకేంటమ్మా మంట? రేపు పొద్దున్నే స్టాఫందరి ముందూ నాకు క్షమాపణ చెప్పు. చెప్పలేకపోతే ఇంట్లో కూర్చో."

పళ్ళు నూరుకుంటూ ఇల్లు చేరేసరికి మరిది గుమ్మంలోనే కాచుకుని ఉన్నాడు. కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తాడు. సెలవొస్తే స్నేహితులతో బల్లమీద యుద్ధాలాడతాడు. బొటనవేలంత ప్లాస్టిక్ సైన్యాలు, పాచికలు, కొలబద్దలు, అదో లోకం.

"వదినా, చల్లారకముందే బయల్దేరు. జాంబీలు, అదే, లేచి నడిచే శవాల బొమ్మలు కొనాలి."

"నా కోపం నీకు గ్యాసుపొయ్యిలా కనిపిస్తోందట్రా?"

"పొయ్యికైతే గ్యాసు అయిపోతుంది. నీకా బెంగ లేదుగా."

లోపలికి వెళితే మొగుడు "క్షమించమని ఒక్క మాట అనేస్తే పోలా" అంటాడు. ఆమె చెప్పులు విప్పకుండానే వెనక్కి తిరిగింది.

బొమ్మల కొట్టాయన మొదట ఖరీదైన పెట్టె దించాడు. చేతులు, తలలు విడివిడిగా ఉన్నాయి, ఎలా కావాలంటే అలా అతికించుకోవచ్చు. కానీ పెట్టెలో పిడికెడే. రెండోదాంట్లో శవాలు నోళ్ళు తెరుచుకుని పరిగెడుతున్నాయి.

"ఇవి జాంబీలు కావు, బస్సు తప్పిపోయినవాళ్ళు" అని ఆమె పక్కకు నెట్టేసింది.

ఆఖరున ఆయన ఒక సంచీ కుమ్మరించాడు. బల్ల నిండిపోయింది. అన్నీ ఒకటే అచ్చు. అన్నీ చేతులు చాపి నిలబడ్డాయి.

"గుంపు కావాలంటే ఇవే బాబూ. కాకపోతే వేడినీళ్ళలో ముంచి ఒక్కొక్కదాన్నీ వంచుకోవాలి. లేకపోతే కవాతులా ఉంటుంది" అన్నాడు కొట్టాయన.

"నీళ్ళెందుకు, మా వదిన ఉందిగా" అన్నాడు మరిది.

ఆయన ఆమెకు స్టూలు వేశాడు.

ఆమె ఒక బొమ్మను పట్టుకుని ఆఫీసరు మాటలు తలుచుకుంది. దాని నడుము ఒంగింది. ఇంకోదాని మెడ వాలింది. మరోదాని మోకాలు లోపలికి మడతపడింది. ఒక్కొక్కటే బల్లమీద నిలబెడుతూ గుర్తుపట్టింది. కుంటుకుంటూ వచ్చే పాలావిడ, బిడ్డను చంకమార్చుకునే పిల్లతల్లి, కాగితం చాపిన ముసలాయన, అందరూ తన కౌంటరు ముందు నిలబడేవాళ్ళే.

"వీటి బలమేంట్రా?"

"ఏమీ లేదు. మెల్లగా నడుస్తాయి. పడగొట్టినకొద్దీ లేచి వస్తాయి, అంతే."

"ఎవరు పడగొడతారు?"

"అవతలివాళ్ళ ముందు వరస. రాజు వెనక గుడారంలో ఉంటాడు."

"మరి ముందు వరసనెందుకు కరుస్తాయి? వాటికి పగ రాజు మీదేగా?"

"దారికడ్డంగా నిలబడింది వాళ్ళేగా వదినా."

ఆమె చేతిలో ఉన్న బొమ్మ పాదాల దాకా కరిగిపోయింది.

"అయ్యో, అది పనికిరాదు" అన్నాడు మరిది.

"నోర్మూసుకుని ఇంకోటి అందుకో."

మర్నాడు కౌంటరు ముందు జనం ఎప్పటిలాగే నిండారు. స్టాఫంతా వెనక చేరారు. ఆఫీసరు ప్లాస్టిక్ మడత తలుపు వేసుకుని లోపల కూర్చున్నాడు. బయటివాళ్ళకు వినపడకుండా తలుపు దగ్గర నిలబడి చెప్పమని కబురు పంపాడు. ఆమె వెళ్ళింది. క్షమించమనడానికి నోరు తెరిచింది. ఆ మాటకు బదులు అరచెయ్యి చాపి తలుపుకు ఆనించింది.

తలుపు మడతమీద మడతగా జారి, తడిబట్టలా నేలమీద కుప్పపడింది. లోపల ఆఫీసరు బిస్కెట్టు టీలో ముంచుతూ అందరికీ కనపడ్డాడు. జనమంతా చూశారు, అంతే. బిస్కెట్టు విరిగి టీలో పడింది.

"ఏమ్మా, ఒళ్ళు తెలుస్తోందా నీకు? వాళ్ళని రేపు రమ్మను."

ఆమె కౌంటరు పక్కనున్న అడ్డుచెక్క పైకెత్తి పట్టుకుంది.

"రండి" అంది.

ముసలాయన కాగితం చాపుకుని మెల్లగా ముందుకు కదిలాడు. ఆయన వెనక పాలావిడ, ఆవిడ వెనక పిల్లతల్లి. తోపులాట లేదు. ఒక్కరూ ఆమెవైపు చూడలేదు, అందరి చూపూ ఆ గదిమీదే. ఆమె తన సంచీ భుజాన వేసుకుని, అందరూ దాటేదాకా ఆగి, గుంపు చివర నిలబడింది.