బండిలో లోపమేమీ లేదు

పొద్దున లేవగానే ఆ ఇంట్లో ముందు తెరుచుకునేది వంటగది తలుపు కాదు, కారు బానెట్. కొడుకు పళ్లు తోముకుంటూనే షెడ్డులోకి వెళ్లేవాడు. ఇంజను చల్లగా ఉన్నప్పుడే ఆయిల్ పుల్ల బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి చూసేవాడు. రేడియేటర్ మూత తిప్పి నీళ్లు చూసేవాడు, టైర్లను కాలితో తన్ని గాలి చూసేవాడు. తర్వాత వంటగది కిటికీ దగ్గరికొచ్చి లోపలికి చెప్పేవాడు.

"ఆయిల్ తగ్గిందమ్మా, ఇవాళ నాన్నకి కీళ్లు పట్టేస్తాయి. ఎడమ ముందు టైర్లో గాలి లేదు, కుంటుతాడు."

"అయితే ఇవాళ నా వెనక పరిగెత్తలేడులే," అనేది తల్లి, స్టవ్ వెలిగిస్తూ.

పెద్దాయన ఒళ్లూ బండీ ఒకటే. కొన్న రోజు నుంచీ అంతే. ప్లగ్గులకి మసి పడితే ఆయనకి దగ్గు, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతే ఆయాసం. చక్రాల అలైన్‌మెంట్ తప్పిన నెలంతా నడుస్తూ నడుస్తూ ఎడమ వైపు గోడకి వెళ్లి గుద్దుకునేవాడు. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే నాలుక చూసి, నాడి చూసి, "కూలెంట్ ఎప్పుడు మార్చారు?" అని అడిగేవాడు. వీధిలో వాళ్లు కూడా అంతే, "పెద్దాయన మూలుగుతున్నాడు, బేరింగులు చూడవయ్యా" అని దారినపోతూ చెప్పి పోయేవాళ్లు.

ఆయన సరుకుల గిడ్డంగిలో మేస్త్రీగా చేసి దిగిపోయాడు. కింద పనిచేసేవాళ్లు పోయారు గానీ చేతి దురద పోలేదు. అరిగిపోయిన ఫ్యాన్ బెల్టులు పారెయ్యనిచ్చేవాడు కాదు. "బండికి పనికిరానిది ఇంటికి పనికొస్తుంది" అంటూ షెడ్డు గోడకి మేకు కొట్టి తగిలించేవాడు. పనికొచ్చేవి కూడా. తల్లి వీపు మీద పాత వాతల మీద కొత్త వాతలుండేవి. ఒకసారి పక్కటెముక, ఒకసారి ముందు పన్ను, ఒకసారి కుడి చెవి. ఆ చెవి ఇప్పటికీ వినపడదు. నోట్లో నాలుక లేని మనిషి, దెబ్బ పడ్డాక కూడా "ఏమండీ, చల్లారిపోతోంది, తినండి" అనేది.

కొడుకు మెకానిక్ కాదు, నీళ్ల ఆఫీసులో గుమాస్తా. అయినా బండి పనంతా నేర్చుకున్నాడు. తన బండి మీద పరాయివాడి చెయ్యి పడితే ఆ చెయ్యి నరుకుతానని పెద్దాయన శపథం. అసలు కారణం అది కాదు. కొడుకు చిన్నప్పుడు ఒక మధ్యాహ్నం పెద్దాయన తల్లిని జుట్టు పట్టుకుని వాకిట్లోకి ఈడ్చాడు. అదే సమయానికి బండి బానెట్ కింద నుంచి ఆవిరి తన్నుకొస్తోంది. పిల్లాడు భయంతో వెళ్లి ఇంజను మీద బిందెడు నీళ్లు కుమ్మరించాడు. ఆవిరి తగ్గింది, పెద్దాయన జుట్టు వదిలేశాడు. ఇంకేం, బండిలో ఎక్కడో ఒక లోపం ఉంది, అదే నాన్న కోపం, అది దొరికితే నాన్న మంచివాడైపోతాడు అని పిల్లాడి బుర్రలో నాటుకుపోయింది. మీసాలొచ్చాయి, పెళ్లయింది, ఆ నమ్మకం మాత్రం కదల్లేదు. రేడియేటర్ మార్చాడు, ఫ్యాను మార్చాడు, వాటర్ పంపు మార్చాడు. మార్చిన ప్రతిసారీ నాలుగు రోజులు ఆశ, అయిదో రోజు బెల్టు.

కోడలు వేరే రకం. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లటి పొడి పేరుకున్న రోజున మామగారు లేపిన చెయ్యి సగంలోనే వాలిపోవడం ఆవిడ చూసింది. ఆ తర్వాత వంటింట్లో వంటసోడా డబ్బా కనపడకుండా పోయింది. అది లేకపోతే ఆ పొడి వదలదు మరి. ఇంకో రోజు హారన్ ఫ్యూజు పోయింది, పెద్దాయన తిట్లు గుసగుసల్లోకి దిగాయి. ఎదురుగా నిలబడి "ఏంటి మామయ్యా, వినపడలేదు" అని ఆవిడ అడుగుతుంటే అత్తగారు పైటచెంగు నోట్లో కుక్కుకుని లోపలికి పరిగెత్తేది. ఆ ఇంట్లో ఆడవాళ్లు నవ్వడం అదే మొదలు.

కొడుక్కి మాత్రం మనసు ఆగలేదు. తండ్రి మంచం పట్టాడు, గొంతు లేదు, గ్లాసు కూడా ఎత్తలేకపోతున్నాడు. ఒక సెలవు రోజున బానెట్ ఎత్తి తీరుబడిగా చూశాడు. చూస్తే టెర్మినల్ బోల్టు దానంతటది వదులైనట్టు లేదు, ఎవరో స్పానరుతో తిప్పి వదిలారు. ఫ్యూజు కాలిపోలేదు, పీకేశారు.

"ఇది నీ పనేనా?" అని పెళ్లాన్ని అడిగాడు.

"నా పనే. మూడు నెలలుగా ఈ ఇంట్లో ఒక్క గ్లాసు పగల్లేదు, చూశావా?"

"జబ్బు మనిషిని జబ్బుతోనే పడుకోబెడతావా? నా కన్నతండ్రి ఆయన!"

"అత్తయ్య కన్నతల్లి కాదూ?"

"అందుకే చెప్తున్నా, లోపం ఉంది. ఇంక మిగిలింది థర్మోస్టాట్ ఒక్కటే. వేడెక్కాక నీళ్లని వదలాల్సింది అదే. అది బిగుసుకుపోయుంటుంది, వేడంతా లోపలే ఉండిపోతుంది. ఒక్కసారి మొత్తం సరిగ్గా చెయ్యనీ."

"సరిగ్గా చేస్తే సరిగ్గా కొడతాడు," అంది కోడలు. అయినా టార్చి పట్టుకుని పక్కనే నిలబడింది.

సాయంత్రం దాకా చేశాడు. వేడినీళ్లలో వంటసోడా కలిపి పాత బ్రష్షుతో టెర్మినళ్లు తళతళలాడేలా తోమాడు. సోడా తల్లే తెచ్చిచ్చింది, బియ్యం కింద నుంచి తీసి. కొత్త ఫ్యూజు, కొత్త ప్లగ్గులు, కొత్త థర్మోస్టాట్, కొత్త ఫ్యాన్ బెల్టు. విప్పిన పాత బెల్టుని, చేతికి అలవాటైపోయి, తనే మేకుకి తగిలించాడు.

లోపల మంచం చప్పుడైంది. పెద్దాయన లేచి వచ్చాడు. దగ్గు లేదు, కుంటు లేదు, పదేళ్లు చిన్నవాడైనట్టున్నాడు. డ్రైవరు సీటులో కూర్చుని తాళం తిప్పితే మొదటి తిప్పుకే అందుకుంది. ఇంజను నడుస్తుండగానే దిగి కొడుకు భుజం తట్టాడు.

"ఇన్నాళ్లకి ఒక్క పని సవ్యంగా ఏడ్చావురా."

కొడుక్కి కళ్లలో నీళ్లు తిరిగాయి. తండ్రి చెయ్యి దెబ్బగా కాకుండా తన ఒంటిమీద పడడం అతనికి గుర్తున్నంతలో అదే మొదటిసారి. పెద్దాయన లోపలికి వెళ్తూ మేకుకున్న బెల్టు తీసుకున్నాడు. బయటికెళ్లేవాడు గొడుగు తీసుకున్నంత మామూలుగా తీసుకున్నాడు.

"టీ ఇంకా కాలేదా?" అన్న మాట, దాని వెంటే బెల్టు చప్పుడు వినిపించాయి. మొదటి దెబ్బ మెడ మీద పడింది. తల్లి స్టవ్ అంచు పట్టుకుంటే మరిగే గిన్నె జారి పాదాల మీద ఒలికింది. రెండో దెబ్బకి చెవి పైన చర్మం చిట్లి రక్తం చెంప మీదుగా కారింది. కోడలు బెల్టు చివర పట్టుకుని వేలాడితే ఆమెను గోడకేసి కొట్టాడు. తల్లి మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆయన ఆ చెయ్యి పట్టుకుని గట్టు అంచుకేసి విరిచాడు. ఎముక విరిగిన చప్పుడు షెడ్డు దాకా వినిపించింది.

తల్లి అరుపు విని కొడుకు పరిగెత్తింది వంటగదిలోకి కాదు, బండి దగ్గరికి. ఏం చేస్తాడు, అతనికి తెలిసిన దారి అదొక్కటే. వేడి చూపించే సూది చూశాడు. మధ్యలో, కదలకుండా ఉంది. పొగ చూశాడు, లేదు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకి ఆనించి, పిడికి చెవి పెట్టి విన్నాడు. ఎక్కడా ఒక్క పిసరు తేడా లేదు. బండి కొత్తప్పుడు కూడా ఇంత హాయిగా నడవలేదు. లోపలి నుంచి మళ్లీ దెబ్బ. మళ్లీ సూది చూశాడు. అక్కడే ఉంది.

అతను స్క్రూడ్రైవర్ పడేసి లోపలికి వెళ్లేసరికి పెద్దాయన బెల్టు చుట్టచుట్టి గట్టు మీద పెడుతున్నాడు. మొహం మీద చెమట కూడా పట్టలేదు, ఊపిరి కూడా ఎగపోయడం లేదు. "టీ పెట్టమను దీన్ని," అన్నాడు కోడల్ని చూపించి, వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని లోకం ఊరికే అనలేదు. ఆ మాట నమ్మడానికి కొడుక్కి అంత ఇంజను విప్పాల్సొచ్చింది.

రక్తం కారుతున్న తల్లిని ఎత్తుకుని వీధిలోకి పరిగెత్తాడు. ఎదురింట్లో కారు నడపడం నేర్పే టీచరమ్మ ఉంది. ఆవిడ అప్పుడే పని నుంచి వచ్చి బండి ఆపుతోంది. "ఎక్కించండి, ఎక్కించండి," అంటూ వెనక తలుపు తీసింది. కోడలు అత్తగారి తల ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చుంది, కొడుకు ముందు పక్క సీటులో. టీచరమ్మ మలుపులో వేగంగా తిప్పేసరికి కొడుకు భయపడి కాళ్లు బిగబట్టాడు. బండి కీచుమని నడిరోడ్డు మీద ఆగిపోయింది.

"కాలు తియ్యి నాయనా!" అని అరిచింది టీచరమ్మ. "అది నా బ్రేకు. నేర్చుకునేవాళ్లు ఎవర్నైనా గుద్దబోతే నేను ఆ సీట్లోంచి తొక్కుతా."

కొడుకు కాలు తీశాడు. ఆస్పత్రి వచ్చేదాకా ఆ పెడల్ వైపే చూస్తూ కూర్చున్నాడు. తమ బండిలో అతను మార్చని సామాను లేదు. కానీ ఆ బండి బ్రేకు మీద పెద్దాయన కాలు తప్ప ఇంకొకరి కాలు ఇంతవరకూ పడలేదు. ఆయన సీటులో ఇంకొకరు కూర్చోకూడదని మొదటి నుంచీ ఆంక్ష. ఇన్నేళ్లూ లోపం కోసం వెతికాడు గానీ, లేనిదేమిటో చూడలేదు.

తల్లి చేతికి సిమెంటు కట్టు, తలకి కుట్లు వేయించుకుని ఇంటికొచ్చింది. మర్నాడు టీచరమ్మ తన పాత బండిలోని రెండో బ్రేకు పెడలూ, పొడుగాటి కేబులూ ఇచ్చింది, ఎందుకని అడగలేదు. మధ్యాహ్నం పెద్దాయన నిద్రపోతుంటే కొడుకు డాష్‌బోర్డు కింద వెల్లకిలా దూరాడు. బ్రేకు కడ్డీకి క్లాంపు బిగిస్తుంటే స్పానరు జారింది. లోపల మంచం కిర్రుమంది, గురక ఆగిపోయింది. కొడుకు ఊపిరి బిగబట్టి అలాగే పడున్నాడు. కాసేపటికి గురక మళ్లీ మొదలైంది. వంటగదీ షెడ్డూ ఒకే గోడ. నీళ్ల పైపు పోయే కన్నంలోంచి కేబులు ఇవతలికి లాగి, స్టవ్ గట్టు కింద, తల్లి రోజూ నిలబడే చోట, పెడల్ నేలకి బిగించాడు.

"రేపు ఆయన బండి తీస్తే కేబులు తెగి దొరికిపోతాం," అంది కోడలు.

"రేపటి సంగతి రేపు."

తల్లి దాన్ని ముట్టుకోలేదు. చెప్పు కింద తేలుని చూసినట్టు చూసింది. "నాకు బండి నడపడం రాదురా."

"నడపక్కర్లేదమ్మా. ఆపితే చాలు."

"ఇది పనిచెయ్యకపోతే?"

పరీక్షించి చూసే వీలు లేదు, పని చెయ్యకపోతే ఈసారి చెయ్యితో పోదని ముగ్గురికీ తెలుసు.

పెద్దాయన నిద్ర లేచాడు. ఒంటి చేత్తో తల్లి టీ పెట్టేసరికి ఆలస్యమైంది. ఆయన వంటగది గడప దగ్గరికొచ్చి నిలబడ్డాడు, చేతిలో బెల్టు. "చెయ్యి విరిగితే కాళ్లు కూడా విరిగాయా?" అన్నాడు. కోడలు అడ్డం వచ్చింది. "నువ్వు నిన్న బెల్టు పట్టుకున్నావు కదూ," అని ఆమె జుట్టు అందుకుని, బెల్టు తల పైకి ఎత్తాడు. కొడుకు ముందుకు దూకాడు గానీ అందేంత దూరంలో లేడు.

తల్లి తొక్కింది.

బెల్టు గాలిలో ఆగింది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే, తెరిచిన నోరు తెరిచినట్టే. కళ్లు మాత్రం అటూ ఇటూ తిరుగుతున్నాయి, ఛాతీ కొద్దికొద్దిగా ఎగసి పడుతోంది. కోడలు ఆయన వేళ్లలోంచి తన జుట్టు ఒక్కో పాయా విడిపించుకుంది. తర్వాత ఆయన రెండో చేతిలోంచి బెల్టు లాగేసుకుంది.

తల్లి పెడల్ మీంచి కాలు తియ్యకుండానే ముక్కాలి పీట దగ్గరికి లాక్కుని కూర్చుంది. ఆ వంటగదిలో ఆవిడ కూర్చోవడం ఎవరూ చూడలేదు. "కోడలా, నాకో కప్పు పొయ్యి," అంది. వేడివేడిగా, ఊదుకుంటూ, చివరి చుక్క దాకా తాగింది. అప్పుడు తల ఎత్తి మొగుడి వైపు చూసింది.

"ఏం, చెయ్యి లాగుతోందా? ఉండు. నువ్వు విరిచిన చెయ్యి నాకు నిన్నటి నుంచీ లాగుతూనే ఉంది."

పెద్దాయన కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. కోపానికో నొప్పికో తెలియలేదు. వాకిట్లో వెలుగు తగ్గింది. కోడలు లేచి దీపం వేసింది. కొడుకు ఇంక చూడలేకపోయాడు. ఎంతైనా ఆ బండి కోసం బతుకంతా ధారపోసినవాడు.

"అమ్మా, చాల్లే, కాలు తియ్యి. అంతసేపు తొక్కి పెడితే లోపల రబ్బర్లు పోతాయి."

"పోతే మారుద్దువుగాని," అంది తల్లి. "నీకు వచ్చుగా."

ఇంకో కప్పు పొయ్యమని ఖాళీ కప్పు కోడలి వైపు చాపింది.