చిట్టి వదిలిన గీత

రెండువేల నాలుగువందల రూపాయలూ, కంపెనీ ఇచ్చిన నీలం చొక్కా ఒకే సంచిలో పెట్టుకుని, ముఖేష్ పొద్దున్నే పడవలో బియ్యం, గిన్నె, నీళ్ల క్యాను సర్దుకున్నాడు. సోమవారం తడలో పనిలో చేరాలి. ఈలోగా చనిపోయిన భార్య చిట్టి పడవ నీళ్ల మీద వదిలిన గీత మీదుగా ఒకసారి పోవాలి.

పులికాట్ సరస్సు మీద పోయి తిరిగి రానివాళ్ల పడవ జాడ చెరగదు. ఉప్పు పేరినట్టు తెల్లగా నీళ్ల మీదే ఉంటుంది. ఇంటిమనిషి ఒక్కడే గెడ వేసుకుంటూ దాని మీదుగా పోతే వెనకే మాసిపోతుంది. అందాకా ఆ ఇంటికి వేటలో వంతు ఇవ్వరు. నిరుటి గాలివాన నుంచీ చిట్టి గీతను తప్పించి జాలర్లు వలలు వేసుకుంటున్నారు.

కంపెనీ పని వద్దని చిట్టి పోట్లాడిన రోజున, "మీ అమ్మ కాడికి పో, మళ్లా రావద్దు" అన్నాడు ముఖేష్. ఆమె పడమటి గట్టునున్న పుట్టింటికి పడవ తీసింది. అక్కడికి చేరలేదు. గాలివాన వెలిశాక ఆ పడవా, ఆమె శవమూ సరస్సు సముద్రంలో కలిసే ముఖద్వారం దగ్గర దొరికాయి.

తల్లి మాలకొండమ్మ సంచిలో చింతపండు పెడుతూ చొక్కా చూసింది.

"దీన్ని తడుపుకోకురా నాయనా. గీత ఆ గట్టుకే గదా పోయేది, మళ్లా ఈ పక్క నీకేం పని."

పడవను అత్తగారింట్లో వదిలేసి బస్సెక్కుతానని చెప్పాడు.

మధ్యాహ్నానికి గట్టు చేరతానని ముఖేష్ లెక్క. కానీ రేవు కనుమరుగైన చోటు నుంచీ పడవ పోయినమేరా వెనక గీత మాసిపోలేదు, కాస్త సన్నబడిందంతే. గెడ పక్కకి జరిగిందేమోనని సరిచూసుకుంటూ పోయేసరికి ఆలస్యమైంది. సరస్సు నడుమ ఇసుక తిన్నె చుట్టూ గీత చుట్లు చుట్లుగా తిరిగింది. గాలి లేచింది. పడవను తిన్నె మీదికి లాగి, బురదలో కాళ్లతో తడిమి ఆల్చిప్పలు ఏరుకున్నాడు. చిన్నవాటిని మళ్లీ నీళ్లలోకి విసిరాడు. అది చిట్టి అలవాటు. చింతపండు వేసి ఉడికించుకుని తిని, తెరచాప గుడ్డ కప్పుకుని పడుకున్నాడు.

తెల్లారి చూస్తే తిన్నెకు పడమరగా నీళ్లు ఖాళీగా ఉన్నాయి. గీత అటు పోనే లేదు. నిన్న అతను వచ్చిన దారిలోనే, మాసిపోయిన దాని పక్కన ఇంకొకటి తూర్పుకు, వాళ్ల ఊరివైపు తిరిగి ఉంది. పోయిన గీతా వచ్చిన గీతా ఆనుకుని ఉంటే, ఏడాదిగా ఊరంతా ఒకటే అనుకున్నారు. అది వాళ్ల రేవు కనపడే దాకా పోయి ఆగిపోయింది.

ముఖేష్ తిన్నె అంచుకు నడిచాడు.

"రావద్దన్నా గదే," అన్నాడు నీళ్లకేసి చూస్తూ. "ఎందుకొచ్చినావు."

నిన్న ఎక్కాల్సిన బస్సు ఎప్పుడో పోయింది. నీలం చొక్కానే మసిగుడ్డగా చేసి గిన్నె పట్టుకుని పడవలో పెట్టాడు. పడవ ముక్కును ఇంటివైపు తిప్పి, ఆమె తిరిగొచ్చిన గీతకు ఆనించి, గెడ బురదలోకి దించాడు.