నల్ల కుక్క మీద సుద్ద గీత

మా వదిన బట్టలు కుట్టే మనిషి. సూదితో ఆవిడది చిన్నప్పటి స్నేహం. మా అన్నయ్య లారీ చక్రాలు ఒంటిచేత్తో విప్పే మొనగాడే గాని, సూది కనబడితే కళ్లు తేలేస్తాడు. వీళ్లింట్లో బొగ్గు అని పదేళ్ల నల్ల కుక్క ఉంది. వదినకు ఆరో నెల నడుస్తుండగా దానికి షుగరని తేలింది.

పొద్దున ఏడింటికీ సాయంత్రం ఏడింటికీ తిండి పెట్టి, తిన్నాక ఇన్సులిన్ సూది వెయ్యాలన్నాడు పశువుల డాక్టరు. తినకపోతే వెయ్యకూడదు, వరసగా పూటలు తప్పితే కుక్క దక్కదు. ఒకేచోట పొడిస్తే గడ్డ కడుతుంది కాబట్టి చోటు మారుస్తుండాలి.

చోటు మరిచిపోకుండా, బట్టల మీద గీసే సుద్దతోనే కుక్క మీదా ఒక గీత పెట్టేది వదిన. పొద్దున ఎడమ పక్క, సాయంత్రం కుడి పక్క.

"బొగ్గుకి జాకెట్టు కుడుతున్నావా వదినా?" అని ఆటపట్టించాను.

"నీ కొలతలకంటే దీనివి నయం. నెలనెలా మారవు" అంది తలెత్తకుండా.

ఎనిమిదో నెలలో వంగడం ఆవిడ వల్ల కాలేదు. ఇంకొకరైతే చేతులెత్తేసేవారు. ఈవిడ కుక్కకి చదువు చెప్పింది. బట్టలు కత్తిరించే బల్ల పక్కన పీట వేసి, పీట మీంచి బల్లెక్కడం వారం రోజుల్లో నేర్పింది. అది ఎక్కి కూర్చుంటే, తను కుర్చీలోంచి కదలకుండానే ఆ పూట వంతు పక్క తోలుని చీర కుచ్చిళ్లు పట్టినంత ఒద్దికగా పట్టి సూది వేసేది. కుక్క కిక్కురుమనేది కాదు.

మా అమ్మకి ఇదేమీ మింగుడు పడలేదు. "నువ్వు ఆసుపత్రిలో ఉంటే దీనికి సూది ఎవరేస్తారే? ఇప్పుడే ఎవరికైనా ఇచ్చెయ్" అంది.

వదిన కత్తెర ఆపలేదు. "మీ అబ్బాయి వేస్తారత్తయ్యా."

అన్నయ్య కంచం ముందు నుంచి లేచిపోయాడు.

మర్నాటి నుంచే పాఠాలు. ముందు మడత పెట్టిన గుడ్డ మీద, తర్వాత బత్తాయికాయ మీద, ఆ తర్వాత అసలు కుక్క మీద, చేతి మీద వదిన చెయ్యి వేసి ఉండగా. మొదటి రోజు వాడి చొక్కా తడిసిపోయింది. నాలుగో రోజుకి కళ్లు తెరిచి వేశాడు. ఒంటరిగా మాత్రం ఒక్కసారీ వెయ్యలేదు.

ఇంకా రెండు వారాలుందనుకుంటే, ఒక మధ్యాహ్నం నొప్పులొచ్చాయి. అందరం ఆసుపత్రికి పరిగెత్తాం. సాయంత్రం ఆరు దాటగానే వదిన పళ్లబిగువున అన్నయ్యతో అంది: "మీరిక్కడ చేసేదేం లేదు. చేసేది అక్కడుంది. వెళ్లండి. ఈ పూట కుడి."

అమ్మని ఆవిడ దగ్గరుంచి నేనూ అన్నయ్యా ఇంటికొచ్చాం. గిన్నె నిండా పెట్టినా బొగ్గు వాసన కూడా చూడలేదు. గుమ్మంకేసి చూస్తూ పడుకుంది. బతిమాలాం, నోటికందించాం. ఏడు దాటింది. తినలేదంటే సూది లేదు. అన్నయ్య గోడకి చేరగిలబడ్డాడు. ఆవిడొచ్చేసరికి కుక్క లేకపోతే ఏం మొహం పెట్టుకోవాలన్నాడు.

ఉన్నట్టుండి వాడి చూపు కుట్టు మిషను మీద పడింది. వదిన మిషను తొక్కుతుంటే ఆ పాదాల పక్కనే బొగ్గు రోజూ తినేది. అన్నయ్య వెళ్లి ఆ స్టూలు మీద కూర్చున్నాడు. గిన్నె కాళ్ల దగ్గరికి లాక్కుని, తొక్కడం మొదలుపెట్టాడు. చక్రం వెనక్కి తిరిగింది, దారం తెగింది, గుడ్డ ఉండచుట్టుకుపోయింది. అయినా కాలు ఆపలేదు. టకటకటక.

బొగ్గు చెవులు నిక్కాయి. లేచి, మెల్లగా వచ్చి, గిన్నెలో మూతి పెట్టింది.

గిన్నె ఖాళీ అయ్యాక అదే పీటెక్కి, బల్లెక్కి కూర్చుంది. నేను మొహం తిప్పేసుకున్నాను. తిరిగి చూసేసరికి కుడి పక్క తెల్ల గీత ఉంది. వదిన గీతకి మూడింతలు.

మేం ఆసుపత్రికి వెళ్లేసరికి ఆడపిల్ల పుట్టి పావుగంటయింది. పిల్లని పక్కలో పెట్టుకుని, నీరసంగా అడిగింది వదిన: "తిందా?"

"తింది."

"ఎటు పక్క?"

అన్నయ్య కుడి చెయ్యి చాపి చూపించాడు. మణికట్టు దాకా సుద్ద.

వదిన ఆ చేతిని చూసింది. కళ్లు తుడుచుకుంది.

"ముందు ఆ చెయ్యి కడుక్కుని రండి" అంది. "తర్వాత మీ కూతుర్ని ఎత్తుకుందురుగాని."