చందువ మీద నిలవని పురుగు

పొద్దున్నే ప్రయోగశాల తలుపు తీయగానే ఆమె చేసే మొదటి పని, పురుగుని వెతకడం. సముద్రపు చేపల మొప్పల్లో బతికే బల్లపరుపు పురుగుల్ని గుర్తుపట్టి పేరు రాయడం ఆమె ఉద్యోగం. పురుగు పేరైనా, అది బతికిన చేప పేరైనా చీటీ మీద తప్పు రాశారంటే, ఆ పురుగు రాత్రికి రాత్రి స్లైడు దిగి పోతుంది. చచ్చి, రంగు పూయించుకుని, రెండు గాజుల మధ్య అణిగి ఉన్నదైనా సరే, పోతుంది. ఆ ఆఫీసులో ఇదేం వింత కాదు. కుళాయి కారడం లాంటిదే.

"ఇవాళ ఎక్కడ మేడమ్?" అన్నాడు అటెండరు, గది ఊడుస్తూ.

"ఇంకా దొరకలేదు. ఆ చీపురు ఆపు మహానుభావా! దానికి అంటుకుపోయిందంటే నా కొంప మునుగుతుంది."

చివరికి సింకు అంచున దొరికింది. నిన్న సారు టీ కప్పు మీద దొరికింది. ఆమెకి ఏడుపూ కోపమూ కలిసొచ్చాయి. ఉన్నది ఆ ఒక్క పురుగే మరి. విభాగం అధిపతి అయిన సారు దాన్ని చందువ చేప మొప్పల్లో చూసి, కొత్త జాతి అని తేల్చేశాడు. అది స్లైడు మీద కుదురుగా ఉంటేనే మ్యూజియం తీసుకుంటుంది. మ్యూజియం తీసుకుంటేనే, ఏళ్ళ తరబడి టెంపరరీగా ఈడుస్తున్న ఆమె ఉద్యోగం పర్మనెంటవుతుంది. ఆమె చీటీ మీద పురుగు పేరు మార్చింది, కుటుంబం మార్చింది. ఊహూఁ, పురుగు వింటేనా!

"జిగురు దట్టంగా పెట్టమ్మా," అన్నాడు సారు. ఆయన బీరువాలోని కొత్త జాతులన్నీ జిగురులో మునిగే ఉన్నాయి. "నా సర్వీసంతా అదే చేశాను."

ఆ సర్వీసులో పురుగుల్ని గుర్తుపట్టిందీ, బొమ్మలు గీసిందీ, ఆయన సంతకం పెట్టే ఉత్తరాలు రాసిందీ ఈమే. ఆ మాట పైకి అనలేక పళ్ళు కొరుక్కుంది.

సాయంత్రం ఇంటికెళ్తే, మొగుడు కానాగంత చేపల్నీ చందువనీ ఒకే గిన్నెలో వేసి కడిగేస్తున్నాడు.

"విడివిడిగా కడగమని ఎన్నిసార్లు చెప్పాలి నీకు!"

"ఎలాగూ ఒకే కడుపులోకి పోయేవేగా తల్లీ."

తిట్టడానికి నోరు తెరిచిందల్లా ఆగిపోయింది. చందువ ఒంటికి కానాగంత పొలుసులు అంటుకుని ఉన్నాయి. ఆ పురుగు దొరికిన రోజు సారు కూడా ఫొటో కోసం రెండు రకాల చేపల్నీ ఒకే ట్రేలో గుమ్మరించాడు. "వద్దు సార్, దీని పురుగులు దానికి పాకుతాయి" అని ఈమె అంటే, "చచ్చిన చేపలకి పట్టింపులేంటమ్మా" అన్నాడు. ఈమె నోరు మూసుకుంది. మూసుకున్నది చాలక ఆ సంగతే మర్చిపోయింది. తన మీద తనకే ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు కానాగంత పురుగుల పాత స్లైడ్లు తీసి పక్కపక్కన పెట్టి చూసింది. తోక దగ్గరి కొక్కేలు అచ్చు గుద్దినట్టు అవే. కొత్త జాతీ లేదు, గాడిదగుడ్డూ లేదు. చీటీ మీద చందువ కొట్టేసి కానాగంత అని రాసింది.

సారు మొహం ఎర్రబడింది. "మరి నీకు పర్మనెంటు అక్కర్లేదా?"

"కావాలి సార్. చచ్చేంత కావాలి. కానీ ఇది చందువది కాదు."

"అయితే నెలాఖరుకి నీ బల్ల ఖాళీ చెయ్యి."

బస్సులో పక్కనున్నవాళ్ళు చూస్తున్నా లెక్కచెయ్యకుండా ఏడ్చింది.

తెల్లవారి వచ్చి చూస్తే పురుగు స్లైడు మీదే ఉంది. వెధవ పురుగు, నిలిచి ఇప్పుడెవరిని ఉద్ధరించాలని! విసుగ్గా తన బల్ల వైపు తిరిగింది. మైక్రోస్కోపు పక్కన ఇత్తడి బోర్డు ఉంది. 'విభాగ అధిపతి' అని రాసి, నిన్నటిదాకా సారు తలుపు మీద ఉన్న బోర్డు. ఆ తలుపు మీద ఇప్పుడు ఉత్త మేకుల కన్నాలే ఉన్నాయి.

అటెండరు గుడ్డతో బోర్డు తుడిచి, సరిగ్గా నిలబెట్టాడు. "చేపలొచ్చాయి మేడమ్. ఒకే ట్రేలో వేసెయ్యనా?"

"వేర్వేరుగా! మీకందరికీ ఎన్నిసార్లు చెప్పాలయ్యా?"

సారు తన బోర్డు కోసం సింకు కిందా, సీసాల వెనకా వెతుక్కుంటూ వచ్చి ఆమె బల్ల దగ్గర ఆగాడు. బోర్డు వైపు చూశాడు.

"జిగురుందా అమ్మా?"

"సీసా నిండా ఉంది సార్. కానీ పట్టదు."

సారు జేబులోంచి తన గది తాళంచెవి తీసి బోర్డు పక్కన పెట్టాడు.