మూజువాణి ఓటు

ఆమెను అందరూ చేతులక్క అనేవారు. ఆ పేరు మరమగ్గాల మిల్లులో పుట్టింది. మగ్గాల షెడ్డులో చెవులు చిల్లులుపడే మోత; పక్కన నిలబడి అరిచినా మాట వినపడదు. పనివాళ్లు తలా ఒక సైగతో ఎలాగో నెట్టుకొచ్చేవారు. పుట్టుకతోనే చెవులు వినపడని ఆమె అక్కడ పనికి కుదిరాక ఆ సైగలన్నిటికీ ఒక పద్ధతి వచ్చింది. పోగు తెగిందనీ, నాడె ఇరుక్కుందనీ, సూపర్‌వైజరు వస్తున్నాడనీ, మూలమగ్గం ఆవిడ కోడలు మళ్లీ అలిగి పుట్టింటికి పోయిందనీ అన్నీ చేతుల మీదే నడిచేవి. వీధిలో ఆమెను చూసి జాలిపడేవాళ్లే షెడ్డులో ఆమె దగ్గర మాటలు నేర్చుకునేవారు.

ఒకరోజు ఒకావిడ చెయ్యి మగ్గం బెల్టులో పడి నలిగిపోయింది. తప్పు ఆవిడదేనని మిల్లువాళ్లు చేతులు దులుపుకున్నారు. యూనియన్ వాళ్లు గేటు దగ్గర ఏం మాట్లాడుకున్నా సాయంత్రానికల్లా యజమాని చెవికి చేరిపోయేది. చేతులక్క మాత్రం మగ్గాల మధ్య నడుచుకుంటూ, సూపర్‌వైజరు కళ్లముందే, అందరితోనూ మాట్లాడేసింది. మధ్యాహ్నం ఆమె చెయ్యి పైకెత్తగానే షెడ్డంతా ఒక్కసారిగా ఆగిపోయింది. ఆ నిశ్శబ్దానికి హడలిపోయి యజమాని మేడ దిగి వచ్చాడు.

"ఎవరు ఆపమన్నార్రా?" అని సూపర్‌వైజరును నిలదీశాడు.

"ఏమోనండి. నాకేం వినపడలేదు," అన్నాడతను.

ఆ తర్వాత బెల్టులన్నిటికీ రేకు మూతలు వచ్చాయి. చేతులక్క పేరు పేపర్లకెక్కింది.

ఎన్నికలు దగ్గరపడుతున్న రోజులవి. పార్టీ పెద్దాయన తనంతట తనే ఆమె ఇంటికి వచ్చాడు. ఆమె ఉండేది చెల్లెలి ఇంట్లో. చెల్లెలు టెలిఫోన్ ఆఫీసులో ఆపరేటరు. చిన్నప్పటి నుంచీ అక్కకు చెవీ నోరూ తనే. పెద్దాయన మాటల్ని చేతులతో అక్కకు చెబుతూ, అక్క చేతుల్ని మాటలుగా ఆయనకు చెబుతూ ఇద్దరి మధ్యా కూర్చుంది.

"చెవిటివాళ్ల తరఫున ఇంతవరకు సభలో ఒక్కరూ కూర్చోలేదమ్మా. ఆ మొదటి మనిషివి నువ్వే కావాలి," అన్నాడు పెద్దాయన.

చేతులక్క ఒక్కటే అడిగింది. "బడుల్లో మా పిల్లలకు సైగలతో చదువు చెప్పించే చట్టం తెస్తారా?"

"నా చెవిన వేశావుగా. ఇక నాకు వదిలెయ్," అన్నాడాయన.

ఆ ప్రశ్న ఆమె ఊరికే అడగలేదు. ఆమె చదివిన బధిరుల బడిలో పిల్లలు చేతులు కదిపితే మాస్టర్లు వేళ్ల మీద స్కేలుతో కొట్టేవారు. అద్దం ముందు కూర్చోబెట్టి, తమకు ఎన్నటికీ వినపడని మాటల్ని పలకమనేవారు. రాత్రిపూట పడకల మీద దొంగచాటుగా మాట్లాడుకుంటూనే ఆమె లోకం తెలుసుకుంది. ఆ బడి ఇంకా ఉంది. కొత్తగా వచ్చిన హెడ్‌మాస్టరు మంచివాడు; పిల్లల దగ్గర తనూ సైగలు నేర్చుకుని, కాస్త చూసీచూడనట్టు పోతున్నాడు. చట్టం వస్తే ఆ మంచితనంతో పని ఉండదని ఆమె ఆశ.

చెల్లెలు ఉద్యోగానికి సెలవు పెట్టి ప్రచారమంతా తిరిగింది. అక్క చేతులు ఆడుతుంటే మైకులో చెల్లెలి గొంతు మోగేది. మంచి గొంతు. జనం ఆ గొంతుకు కరిగిపోయారు. మిల్లు పనివాళ్లు ఇళ్లకు తాళాలు వేసుకుని వచ్చి ఓట్లు వేశారు. నెగ్గిన రోజున పార్టీ పెద్దాయన పక్కవాళ్లతో, "నోరులేని మనిషిని నిలబెట్టి గెలిపించామంటే మన గాలి ఎలా వీస్తోందో చూడండి," అన్నాడు. అందరూ నవ్వారు. చేతులక్క చెల్లెలి వైపు చూసింది.

"నువ్వు గెలిచినందుకు సంతోషపడుతున్నారక్కా," అంది చెల్లెలు.

సభలో మొదటి చిక్కు ప్రమాణం దగ్గరే వచ్చింది. ప్రమాణం నోటితో చెయ్యాలని నిబంధన. చెల్లెలు చదివితే చెల్లదన్నారు. చేతులక్క లేచి నిలబడి, బడి విడిచాక ఎన్నడూ వాడని తన గొంతుతో, కాగితం మీది మాటల్ని ఒక్కొక్కటిగా పలికింది. ఆ గొంతు ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. వెనక వరసల్లో కొందరు తలలు వంచుకున్నారు. వాళ్ల భుజాలు కదలడం మాత్రం ఆమెకు కనపడింది.

రెండో చిక్కు చెల్లెలికి చోటు. సభ్యురాలు కాదు కాబట్టి లోపల కూర్చోకూడదు. పక్కనున్న అధికారుల గ్యాలరీలో, స్తంభం చాటున ఒక కుర్చీ, ఒక మైకు ఇచ్చారు. చెల్లెలిని చూడాలంటే చేతులక్క మెడ పక్కకు తిప్పుకుని కూర్చోవాలి. చెల్లెలిని చూస్తే మాట్లాడేవాళ్లు కనపడరు; మాట్లాడేవాళ్లను చూస్తే మాట అందదు. సభ జరుగుతుంటే గోడకేసి చూస్తూ కూర్చుంటుందని పేపర్లో ఒక వ్యంగ్యచిత్రం కూడా పడింది.

అయినా ఆమె వదల్లేదు. ఆసుపత్రుల్లో చెవిటివాళ్లకు ఏ జబ్బుకు ఏ మందిస్తున్నారో చెప్పే దిక్కు లేదని ప్రశ్న లేవనెత్తింది. పోలీసుస్టేషనులో ఒక చెవిటి కుర్రాడు అడిగినదానికల్లా తలూపి చెయ్యని దొంగతనం ఒప్పుకున్నాడని మంత్రిని నిలదీసింది. "మీ ఇంటి పిల్లాడైతే ఇలాగే కూర్చుంటారా, సిగ్గు లేదా?" అని చేతులు విసిరి అడిగింది. చెల్లెలు మైకులో చెప్పింది. మంత్రి చిరునవ్వు నవ్వి తలాడించాడు.

బయటికి వచ్చాక వరండాలో చేతులక్క చెల్లెలిని ఆపింది. "నేను తిట్టాను. ఆయనెందుకు నవ్వాడు?"

చెల్లెలు తల దించుకుంది. తర్వాత చేతులు కదిపింది. "దయచేసి ఆలోచించమని వేడుకుంటున్నట్టు చెప్పాను. నువ్వన్నది అన్నట్టే చెబితే ఇంకోసారి మైకు ఇవ్వరక్కా."

"ఎన్నాళ్ల నుంచి ఇలా చెబుతున్నావ్?"

"మొదటి నుంచీ."

చేతులక్క ఆ పూట చెల్లెలితో మాట్లాడలేదు. మర్నాడు మాట్లాడక తప్పలేదు. చెల్లెలు లేకుండా సభలో ఆమె గోడతో సమానం. అది ఇద్దరికీ తెలుసు. అప్పటికే అక్క కోసం చెల్లెలు ఉద్యోగం వదులుకుంది.

చదువుల బిల్లు కోసం ఆమె కాళ్లరిగేలా తిరిగింది. దాన్ని ఒకరు మరొకరి బల్ల మీదికి నెట్టారు. పార్టీ పెద్దాయన కనపడినప్పుడల్లా భుజం తట్టేవాడు. పదవీకాలం ముగింపుకొస్తుండగా, ఎలాగైతేనేం, బిల్లు సభకు వచ్చింది. సరిగ్గా ఆ ఉదయమే చెల్లెలి కూతురికి నొప్పులు మొదలయ్యాయి. కాన్పు కష్టమయ్యేలా ఉందని డాక్టరమ్మ చెప్పింది.

"నువ్వు దాని దగ్గర ఉండు. నేను హెడ్‌మాస్టరును రమ్మన్నాను," అంది చేతులక్క.

హెడ్‌మాస్టరు ఇస్త్రీ చొక్కా వేసుకుని వేళకు ముందే వచ్చాడు. గేటు దగ్గర మార్షల్ ఆపేశాడు. "పాసు వాళ్ల చెల్లెలుగారి పేరు మీద ఉందండి. మీరా ఆవిడ? కాదు కదా. మరి నేనేం చెయ్యను?" అన్నాడు. హెడ్‌మాస్టరు బతిమాలుకుంటూ అక్కడే ఉండిపోయాడు.

లోపల చేతులక్క స్తంభం పక్కనున్న ఖాళీ కుర్చీని చూసింది. చర్చ కాసేపు ఆపమని కాగితం రాసి సభాపతికి పంపింది. ఆయన చదివి, ఎంతో ఆదరంగా నవ్వి, కూర్చోమన్నట్టు చెయ్యి ఊపాడు. చర్చ మొదలైంది. నోళ్లు కదులుతున్నాయి. ఒక సభ్యుడు లేచి ఏదో సవరణ చదివాడు. మరొకాయన గడ్డం నోటికి అడ్డుగా ఉంది. ఒక్క ముక్క అందలేదు. ఆ తర్వాత అందరి నోళ్లూ ఒకేసారి తెరుచుకుని మూసుకున్నాయి. అది మూజువాణి ఓటని ఆమెకు తెలుసు. అంతలో బల్లలు చరుస్తూ అందరూ లేచారు. విద్యామంత్రి స్వయంగా ఆమె దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. ఫోటోగ్రాఫర్లు చుట్టుముట్టారు. బిల్లు నెగ్గిందనుకుంది. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే, అంత సంతోషంగా ఎన్నడూ నవ్వనట్టు నవ్వింది.

నెగ్గిన మాట నిజమే. ఏది నెగ్గిందో మర్నాడు పేపరు చూశాక తెలిసింది. సైగలతో చదువు అన్న మాట తీసేశారు. బధిరుల బడుల్ని మూసి పిల్లల్ని మామూలు బడుల్లో చేర్చాలని, చెవికి యంత్రాలు ఇచ్చి మాట నేర్పాలని సవరించారు. పైన ఆమె ఫోటో. మంత్రి చేతుల్లో ఆమె చేతులు. కింద, సభ ఏకగ్రీవంగా ఆమోదించిందని రాశారు.

ఆమె, కూతురి కాన్పు గట్టెక్కాక వచ్చిన చెల్లెలిని వెంటబెట్టుకుని సభాపతి గదికి పరుగెత్తింది. ఆయన కుర్చీ చూపించి, టీ తెప్పించాడు.

"రికార్డులో ఏకగ్రీవం అనే ఉందమ్మా. మీరు అక్కడే ఉన్నారు. కాదనలేదు కదా?"

"కాదనాల్సింది ఏమిటో నాకు చెప్పినవాళ్లెవరు?"

"అది నేను అర్థం చేసుకోగలను. కానీ సభ అర్థం చేసుకోవాలంటే నిబంధన ఉండాలి కదమ్మా."

ఆ ఆదివారం బధిరుల సంఘం హాలులో మీటింగు పెట్టారు. ఆమెతో కలిసి చదువుకున్నవాళ్లూ, వాళ్ల పిల్లలూ వచ్చారు. జరిగిందంతా చెబుదామని ఆమె మెట్లెక్కింది. ముందు వరసలో ఆమె చిన్ననాటి నేస్తం, బుక్ బైండింగు చేసే మనిషి, లేచి నిలబడ్డాడు. బడిలో చిన్నపిల్లల గదిలో పక్క పడక మీద పడుకుని రాత్రంతా కబుర్లు చెప్పినవాడు.

"నువ్వు అక్కడే కూర్చున్నావు. నవ్వావు కూడా," అన్నాడు చేతులతో.

ఆమె బదులు చెప్పడానికి చేతులెత్తింది. అతను కళ్లు మూసుకున్నాడు. అతని పక్కావిడ కళ్లు మూసుకుంది. ఒకరిని చూసి ఒకరు, హాలంతా కళ్లు మూసుకుంది. వాళ్లలో అంతకంటే పెద్ద తిట్టు లేదు. ఆమె చేతులు గాలిలో కాసేపు ఆడి, ఆగిపోయాయి.

ఆ ఏడాదే బడి మూసేశారు. హెడ్‌మాస్టరును ఎక్కడో దూరపు బడికి బదిలీ చేశారు. మామూలు బడుల్లో చేర్చిన పిల్లలు వెనక బెంచీల్లో కొన్నాళ్లు కూర్చుని, చాలామంది మానేశారు. ఇచ్చిన యంత్రాలు బ్యాటరీలు అయిపోయాక అల్మరాల్లో చేరాయి.

మళ్లీ ఎన్నికలు వచ్చాయి. పార్టీ పెద్దాయన అక్కాచెల్లెళ్లిద్దరినీ ఆఫీసుకు పిలిపించాడు. ఎప్పటిలాగే చెల్లెలు మధ్యలో కూర్చుంది. ఆయన ఈసారి చేతులక్క వైపు చూడకుండా చెల్లెలితోనే మాట్లాడాడు. కొంతసేపటికి చెల్లెలి చేతులు కదలడం మానేశాయి.

"ఏమంటున్నాడు?" అని అడిగింది చేతులక్క.

చెల్లెలు చూపు తిప్పుకుంది.

"చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు."

చెల్లెలు అక్క కళ్లలోకి చూసి చెప్పింది. "ఇన్నేళ్లూ జనం విన్నది నా గొంతేనంట. నీకు టిక్కెట్టు ఇస్తే సభకు శ్రమ, నీకూ శ్రమ అంట. చెవిటివాళ్ల ఓట్లు నీకెలాగూ రావంట. టిక్కెట్టు నాకు ఇస్తానంటున్నాడు."

ఒక్క మాట కూడా మెత్తబరచలేదు. చేతులక్క కిటికీకేసి చూసి, మళ్లీ చెల్లెలి వైపు తిరిగింది.

"నువ్వేమన్నావు?"

"ఇంకా ఏమీ అనలేదు."

"తీసుకో. మన ఇంట్లో ఒక్కరికైనా మాట వినపడుతుంది."

చెల్లెలు నెగ్గింది. మొదటి రోజు చేతులక్క పైన జనం కూర్చునే గ్యాలరీకి వెళ్లింది. చెల్లెలు కింద నిలబడి మాట్లాడుతూ, అక్క కోసం చేతులు కూడా కదిపింది. సభలో ఎటు చూసి మాట్లాడాలో సభాపతి గుర్తుచేశాడు. మరో నాలుగైదుసార్లు చెల్లెలు నడుము దగ్గర వేళ్లు కదపబోయింది. తర్వాత ఆ చేతుల్లోకి కాగితాలు వచ్చాయి. చేతులక్క గ్యాలరీకి వెళ్లడం మానేసింది.

మిల్లులో మళ్లీ చేర్చుకోమని అడిగితే, మాజీ సభ్యురాలికి మగ్గం ఏం ఇస్తామని నవ్వి పంపేశారు. ఒక లాండ్రీలో ఇస్త్రీ పని దొరికింది. అక్కడ ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. బట్టల మూటలు వస్తాయి, పోతాయి. ఆవిరికి ముఖం ఎర్రబడి, సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వేళ్లు బిగుసుకుపోయేవి.

చెల్లెలు రోజూ ఆలస్యంగా వచ్చేది. భోజనాల దగ్గర అందరూ కూర్చునేవారు: చెల్లెలు, మరిది, కూతురు, ఒళ్లో పసిపిల్ల. చెల్లెలు సభలో జరిగినవన్నీ చెప్పేది. ఒకరోజు ఏదో చెప్పి తనే ముందుగా నవ్వింది. మరిదికి పొలమారింది. కూతురు కడుపు పట్టుకుంది. పసిపిల్ల కూడా వాళ్లను చూసి కేరింతలు కొట్టింది.

చేతులక్క కంచంలోంచి తలెత్తింది. చెల్లెలి మోచెయ్యి తట్టి, ఏమిటన్నట్టు చూసింది.

"ఏం లేదక్కా. చాలా పెద్ద కథ," అంది చెల్లెలు ఒంటిచేత్తో. ఇంకో చేతిలో ముద్ద ఉంది. "తర్వాత చెబుతాలే."

చేతులక్క తలూపి, అన్నం తినసాగింది.