పెట్టె మీద తేదీ

చేపల పెట్టె మీది లేబుల్‌ని కుసుమకుమారి రెండోసారి చదివింది. 'వేట తేదీ: ఏప్రిల్ 17, 2015.' అంటే ఈరోజే!

మొన్ననే వేట నిషేధం మొదలైంది. భోగాపురం తీరంలో ఇంజను బోట్లన్నీ ఇసుకెక్కి కూర్చున్నాయి, ఆమె నాన్న అసిరయ్య బోటుతో సహా. మరి ఈ వంజరాలు ఎవరి వలలో పడ్డట్టు?

పెట్టె మూత తీసింది. కంపు గుప్పుమంది. మొప్ప ఎత్తి చూస్తే, ఎర్రగా ఉండాల్సింది మట్టి రంగుకు తిరిగి జిగురు సాగుతోంది.

బయట వ్యాను సిద్ధంగా ఉంది. సరుకు రాజాంలోని ఆడపిల్లల హాస్టలుకి. చెల్లి భవాని తినేది అక్కడే.

ముక్కుకు చున్నీ చుట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది. ఈ చేపల కంపెనీకి ప్రోగ్రాం రాసింది, ఆమెకి ఇక్కడ పని ఇప్పించింది బావ హరిబాబే. ప్రోగ్రాంలో 'పెట్టె' అతను తయారుచేసిన క్లాసు, అంటే వివరాలు దాచే మూస. చేప పేరు, బరువు, వేట తేదీ అందులోనే ఉంటాయి. అంకెల్ని, అక్షరాల్ని ప్రింటు చెయ్యడం సీ ప్లస్ ప్లస్‌కి పుట్టుకతో వచ్చు. పెట్టెని ప్రింటు చెయ్యమంటే మాత్రం బిక్కమొహం వేస్తుంది. ఏది ఎలా అచ్చెయ్యాలో '<<' అనే రెండు బాణాల గుర్తుకి మనమే నేర్పాలి. అదే ఆపరేటర్ ఓవర్‌లోడింగ్.

హరిబాబు భేషుగ్గా నేర్పాడు. పేరు పెట్టెలోంచి, బరువు పెట్టెలోంచి. తేదీ మాత్రం కంప్యూటర్ గడియారంలోంచి! లోపల ఏప్రిల్ ఎనిమిది అలాగే ఉంది. దాన్ని అడిగే దిక్కే లేదు.

"ఏటే, నా కోడులో ఏటి ఎతుకుతన్నావు?" వెనక హరిబాబు, చేతిలో సమోసాతో.

"వారం దాటిన సేప బావా ఇది. పిల్లలు తింతారు!"

"మసాలా దట్టిస్తే ఏటీ తెలీదే. పెట్టెలో డేటా నాను ముట్టుకోనేదు కదా. ఉత్తి ప్రింటే మార్సినాను."

పెట్టె అంచున కారుతున్న నీళ్లు వేళ్లతో తుడిచి, అవే వేళ్లతో సమోసా కొరికాడు. వచ్చే నెల ఆమె మెడలో తాళి కట్టేది ఆ వేళ్లే.

మార్చాల్సింది ఒక్క లైను. గడియారాన్ని తీసేసి పెట్టెలోని తేదీ పెట్టింది. కంపైల్ చేసింది. ప్రింటరు గరగరమని కొత్త లేబుళ్లు కక్కింది.

"ఏటి సేసినావే?"

"నానూ ఉత్తి ప్రింటే మార్సినాను."

అతను లాక్కునేలోపు లేబుళ్లు పట్టుకెళ్లి వ్యాను డ్రైవర్ కూర్మయ్య కళ్లముందే పెట్టెలకి అంటించింది.

"ఎనిమిదో తారీకా! వార్డెనమ్మ నన్ను సెప్పుచ్చుకు కొడతాది" అంటూ కూర్మయ్య సరుకు ఎక్కించకుండానే వ్యాను తలుపులు మూసేశాడు.

"నీకీ ఉద్యోగం ఇప్పించింది నానే, గుర్తెట్టుకో!" హరిబాబు అరిచాడు.

చేతిలో ఒక లేబుల్ మిగిలింది. కుసుమకుమారి దాన్ని అతని చొక్కా జేబు మీద అంటించింది.

"ఈ సరుకు నాకొద్దని నాన్నకి సెప్పేస్తాను బావా."