ఇరవై ముగ్గురి మాట

పెట్టె ఇంకా తెరవలేదు. విశాఖపట్నం నుంచి వచ్చిన అంబులెన్సు తోటపుట్టుగ కొబ్బరితోటలో ఆగి పది నిమిషాలు కూడా కాలేదు. ఊరంతా దాని చుట్టూ మూగింది.

"ముందు ఏలిముద్ర. తరవాతే పెట్టె" అన్నాడు సింహాద్రి. మా ఉద్దానం ఊళ్ల నుంచి గల్ఫ్‌కి మనుషుల్ని పంపే ఏజెంటు అతను. కన్నమ్మ బొటనవేలు పట్టుకుని ఇంకు ప్యాడ్ మీద నొక్కి, కాగితం మీద తనే వేయించాడు. పెట్టెలో ఉన్నది ఆమె ఒక్కగానొక్క కొడుకు పాండు. ముప్పై ఏళ్లు లేవు.

"బాబూ, దాని మీద ఏటి రాసున్నాది?" అని కన్నమ్మ అడిగింది. సింహాద్రిని కాదు, నన్ను.

ఆ కాగితం టైపు చేసింది నేనే. కాశీబుగ్గ బస్టాండు దగ్గర జెరాక్సు షాపు నాది. పేరు శశిధర్. మా నాన్న పురోహితుడు కాబట్టి ఊళ్లవాళ్లకి పంతులుగారబ్బాయిని. సింహాద్రి కాగితాలన్నీ నా షాపులోనే తయారయ్యేవి. ఆ పొద్దున్న టైపు చేసింది ఇది: "నా కుమారుడు గుండెపోటుతో సహజంగా మరణించాడు. కంపెనీ మీద గాని, ఏజెంటు మీద గాని నాకు ఎటువంటి ఫిర్యాదు లేదు." ఇంటి పేరులో తప్పుంటే దిద్దడానికి నన్ను వెంటబెట్టుకొచ్చాడు.

నేను నిజం చెప్పలేదు. "మామూలు కాగితమే" అన్నాను.

అప్పుడు పెట్టె తెరిచారు. పాండు పెదాలు పగిలి, నల్లగా చీలి ఉన్నాయి. నాలుక వాచి ఉంది. ఎండలో మాడిన మనిషి ఎలా ఉంటాడో ఉద్దానంలో ఎవరికీ చెప్పక్కర్లేదు. గుండెపోటని సింహాద్రి ముందే ఊళ్లో చెప్పించాడు. గుంపులో ఒక్కరు కూడా అవుననలేదు. ఒక్కరు కూడా కాదని అనలేదు. సింహాద్రి కాగితం మడిచి జేబులో పెట్టుకుని కారెక్కాడు. నేనూ ఎక్కాను.

ఇది చదివే విద్యార్థులకి, జీడి ఫ్యాక్టరీల్లో పొట్టు తీసే అక్కచెల్లెళ్లకి ఈ ముక్క దాచకుండా చెబుతున్నాను. కథ నా సిగ్గుతోనే మొదలైంది.

నాలుగో రోజున కాంతం నా షాపుకి వచ్చింది. జీడి ఫ్యాక్టరీలో పని. ఆమె భర్త పైడిరాజు కూడా గల్ఫ్‌లో పాండు పనిచేసిన ఎడారి క్యాంపులోనే ఉన్నాడు. వెల్డరు పని అని తీసుకెళ్లి పైపులు మోయిస్తున్నారు. వాళ్లు మొత్తం ఇరవై నలుగురు వెళ్లారు. పాండు పోగా ఇరవై ముగ్గురు.

"ఆడి మాట కాయితం మీద ఎట్టు బాబూ" అని ఫోను నా ముందు పెట్టింది.

రికార్డు చేసి పంపిన పైడిరాజు గొంతు బొంగురుగా వినిపించింది. "కాంతం, పాండుగాడు గుండాగి సచ్చిపోనేదు. పొద్దున్నించి తల తిరుగుతందన్నాడు. ఫోర్మేను నీడకెల్లనివ్వనేదు. నీల్ల ట్యాంకరొచ్చీసరికే పడిపోయున్నాడు. మా పాస్‌పోర్టులు ఆల్లకాడే ఉన్నాయి. నా కాల్లు వాసిపోనాయి. ఒంటికెల్తే నురగొత్తంది. మా నాన్నకొచ్చినట్టే వచ్చినాది. ఎవులికైనా సెప్పు. బేగి సెప్పు."

పైడిరాజు తండ్రి కిడ్నీలు పాడై చనిపోయాడు. మా ప్రాంతంలో ఆ నురగ దేనికి గుర్తో పిల్లలకి కూడా తెలుసు. పలాసలో ఉంటే కనీసం డయాలసిస్ మంచమైనా దొరికేది.

నేను టైపు చెయ్యడం ఆపేశాను. పాండు కాగితం సంగతి కాంతానికి చెప్పాను. నన్ను తిడుతుందనుకున్నాను. ఆమె లేచి చెప్పులేసుకుంది.

"నడు. కన్నమ్మత్తకి సదివి ఇనిపించు."

"ఇప్పుడా?"

"మరెప్పుడు? ఇంకోడి పెట్టొచ్చినాకా?"

వెళ్లాను. చదివాను. కన్నమ్మ కొబ్బరి పీచు వలుస్తోంది. చేతులు ఆగలేదు. అంతా విన్నాక ఒకటే అడిగింది. "ఆ దినం నాకెందుకు సెప్పనేదు బాబూ?" నేను వెళ్లిపోవడానికి లేచాను. "కూకో. నా కొడుకు గురించి నాను సెప్తాను. ఇప్పుడు ఇది రాయి" అంది.

అలా మొదలైంది. నేనూ, కాంతం, టెక్కలిలో డిగ్రీ చదివే ఝాన్సీ కలిసి ఊరూరా తిరిగాం. ఝాన్సీ అన్న అవినాష్ కూడా ఆ క్యాంపులోనే ఉన్నాడు. వజ్రపుకొత్తూరు వైపు, సోంపేట వైపు, డొంకూరు దాకా ఇరవై మూడు ఇళ్లకి వెళ్లాం. ఫోనుల్లో దాచుకున్న గొంతులు విన్నాం, రాశాం. అర్జీలు పట్టుకుని మూడు సోమవారాలు ఆఫీసుల చుట్టూ తిరిగాం. తీసుకున్నవాళ్లు ఉన్నారు. చదివినవాడు ఒక్కడూ లేడు.

"సదవరు. ఇంటారా అని సూద్దాం" అంది కాంతం.

సోంపేట సంతలో ఆటోకి మైకు కట్టించాం. ఝాన్సీ ఒక్కో ఫోనూ మైకు దగ్గర పెట్టింది. చేపల బుట్టల దగ్గర బేరాలు ఆగిపోయాయి. కొబ్బరికాయల లారీ మీద నుంచి హమాలీలు దిగి వచ్చారు. ఎడారిలో ఉన్న మనుషులు సోంపేట నడిరోడ్డు మీద మాట్లాడుతుంటే జనం నిలబడిపోయి విన్నారు. ఒక ముసలాయన ఆటో రేకు మీద చెయ్యి వేసి ఏడ్చాడు. ఆ రోజు మేం గెలిచామనుకున్నాం.

రెండో రోజుకి ఇరవై మూడు ఫోనులూ మూగబోయాయి.

సంతలో ఎవరో తీసిన వీడియోని సింహాద్రి క్యాంపుకి పంపాడు. అక్కడ అందరి ఫోనులూ లాక్కున్నారు. లాక్కునే ముందు అవినాష్ నుంచి చివరగా ఒక్క ముక్క వచ్చింది. "పైడిరాజు బావని వేరే గదిలో ఎట్టీసినారు. లెగలేకపోతన్నాడు." తరవాత ఏమీ లేదు.

సింహాద్రి తోటపుట్టుగ వచ్చి అందరూ వినేలా అన్నాడు. "ఎవులి గొంతులు మైకులో మోగినాయో రాసుకున్నాను. నోరు మూసుకున్నోల్ల మనుసులు ముందొత్తారు. మిగిలినోల్లు తరవాత. అసలంటూ వత్తే."

ఆ సాయంత్రం జీడితోటలో ఇరవై మూడు ఇళ్లవాళ్లూ కూడారు. అంత కోపం నేనెప్పుడూ చూడలేదు. కోపం సింహాద్రి మీద కాదు, మా మీద.

"నీదేటి పోతాది బాబూ? నీ ఇంటి మడిసి ఎవుడూ అక్కడ నేడు" అంది ఒకామె. నిజమే.

దాలయ్య లేచాడు. ఝాన్సీ తండ్రి. రెండెకరాల కొబ్బరి రైతు. "నోరు మూసుకుంటే నా కొడుకొత్తాడు. నోరిప్పితే పెట్టొత్తాది. అంతే."

"నాన్నా, ఆడి మాట నమ్ముతావేటి?" అంది ఝాన్సీ.

"నమ్మక ఏటి సెయ్యమంటావే? నీ మైకుని నమ్మమంటావా?"

కాంతం ఒక పక్కన కూర్చుంది. ఫోను ఒళ్లో పెట్టుకుని అదే నంబరు నొక్కుతోంది. స్విచాఫ్. మళ్లీ నొక్కుతోంది. ఆమె వైపు చూసే ధైర్యం నాకు లేకపోయింది. పైడిరాజుని మేమే చంపుతున్నామేమో అనిపించింది. ఈ పని ఇంతటితో ఆపేద్దామని చెప్పడానికి నేను లేచాను కూడా.

నాకంటే ముందు కన్నమ్మ మాట్లాడింది. "నాను నోరు మూసుకున్నానర్రా. ఏలిముద్ర కూడా ఏసినాను. నా కొడుకు లెగిసినాడేటి?" అందరినీ ఒక్కొక్కరిగా చూసింది. "ఆడు లెగడు. మీ బిడ్డలు బతికున్నారు. ఇక్కడ మాట్లాడీవోలుంటేనే ఆల్లని మడుసులుగా సూత్తారు. నేదంటే నా కొడుకునెట్టినట్టు పెట్లో ఎట్టి పంపీత్తారు."

అప్పుడు ఝాన్సీ అంది. "గొంతులు ఇనిపించొద్దు. పేర్లు కూడా సెప్పొద్దు. ఎవులి ఇంటి కత ఆల్లు సెప్పొద్దు. నా అన్న కత కాంతమప్ప సెప్పాల. అప్ప మొగుడి కత కన్నమ్మత్త సెప్పాల. సింహాద్రి ఎవుడి మీద పగ తీర్సుకుంటాడు? తీర్సుకుంటే ఇరవై మూడు ఇళ్ల మీదా తీర్సుకోవాల."

దాలయ్య తుండు దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఆయన వెనక మూడు ఇళ్లవాళ్లు వెళ్లారు. పంతొమ్మిది ఇళ్లవాళ్లు కూర్చున్నారు.

పది రోజులు నేర్చుకున్నారు. జీడి ఫ్యాక్టరీలో పొట్టు తీస్తూ ఒకరి కథ ఒకరు అప్పజెప్పుకున్నారు. "నీల్లు పొద్దున్న కాదే, మజ్జినేలొత్తాయి" అని ఒకరు, "అన్నం పులిసిపోయుంతాది, అది మర్సిపోనావు" అని ఒకరు దిద్దారు. కాంతం కథ మధ్యలో ఆగి ఫోను చూసుకునేది. మళ్లీ మొదటి నుంచి చెప్పేది.

మే నెలాఖరులో పలాసలో సింహాద్రి ఆఫీసు ముందు ఇంటర్వ్యూలు పెట్టారు. అదే కంపెనీకి కొత్త బ్యాచి. పొద్దున్న ఎనిమిదింటికే నలభై మంది పాస్‌పోర్టులు చేతబట్టుకుని ఎండలో వరసగా నిలబడ్డారు. మేం ఆటో తెచ్చి ఆ వరస పక్కనే ఆపాం.

మొదట ఇద్దరు ఆడవాళ్లు చెప్పారు. వరసలో కొందరు నవ్వారు. "ఎల్లకపోతే ఇక్కడేటి తింటాం?" అని ఒకడు అరిచాడు. మూడో మనిషి కాంతం. ఆమె నవ్వినవాడినే చూస్తూ మొదలుపెట్టింది.

"నాకు ఇరవై ఆరేళ్లు. నాకొక సెల్లి. డిగ్రీ సదివింతానని మాటిచ్చి ఇమానం ఎక్కినాను. దిగిన దినమే పాస్‌పోర్టు లాక్కున్నారు. ఒక గదిలో పన్నెండుమందిమి. కిటికీ నేదు..."

అవినాష్ కథ అది. సరిగ్గా అప్పుడే దాలయ్య రోడ్డు దాటి వచ్చాడు. తన కొడుకు మాటలు కాంతం నోట వింటూ ఆటో దగ్గర నిలబడిపోయాడు. చేతిలో ఫోను ఉంది.

కాంతం ఆయన ముఖం చూసి ఆగింది. "మావా. ఎవులు?"

ఆయన తల దించుకున్నాడు.

"ఎవులు మావా?"

"తెల్లారగట్ల మావోడు ఎవుడిదో ఫోను పట్టుకుని మాట్లాడినాడమ్మా. నీ మొగుడు... రేత్రే పోనాడంట. ఆసుపత్రికి తీసుకెల్లమని అందరూ తలుపులు బాదినారంట. తియ్యనేదంట."

మైకు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. ఆ మాటలు వరసంతా విన్నది. కాంతం మైకు పట్టుకునే రోడ్డు మీద కూర్చుండిపోయింది. కన్నమ్మ వచ్చి ఆమె తల తన కడుపుకి అదుముకుంది.

నవ్వు ఆగిపోయింది. నలభై మందీ కదలకుండా నిలబడ్డారు.

మైకు తీసుకున్నది దాలయ్య. వరస వైపు తిరిగాడు. "నాను పిరికోన్ని. నోరు మూసుకుంటే నా కొడుకొత్తాడనుకున్నాను. నాను నోరు మూసుకున్న పది దినాల్లో ఈ బిడ్డ మొగుడు సచ్చిపోనాడు. ఆ గది తాళం ఈ ఆపీసులో ఉన్నోడి సేతిలో నేదేటి? అడగండ్రా! ఆ పాస్‌పోర్టులు ఆడి సేతికిచ్చీ ముందు అడగండి!"

సింహాద్రి అద్దాల తలుపు లోపల్నుంచి వేసుకున్నాడు. పావుగంటలో పోలీసు వ్యాను వచ్చింది. "పర్మిషన్ ఉందా? పుకార్లు పుట్టిస్తున్నారా?" అన్నాడు ఎస్సై. మైకు వైరు తెంపేశారు. నన్ను, ఝాన్సీని, దాలయ్యని వ్యానులోకి తోశారు. కన్నమ్మని రెక్క పట్టి ఎక్కించారు. కాంతాన్ని ఎవరూ పట్టుకోలేదు. ఆమె తనే లేచి ఎక్కింది.

"నువ్వెందుకమ్మా? దిగు" అన్నాడు ఎస్సై.

"నా మాట అవ్వనేదు" అంది కాంతం.

వ్యాను స్టార్టయింది. ముందుకి కదల్లేదు. ఇందాక నవ్విన మనిషే, అక్కుపల్లి నుంచి వచ్చినవాడు, వ్యాను కిటికీ కమ్మీలు పట్టుకుని నిలబడ్డాడు. పాస్‌పోర్టు చొక్కా లోపల దోపుకున్నాడు. పక్కన ఇంకో ఇద్దరు వచ్చారు. వాళ్ల వెనక పదిమంది. కొందరు ఇంకా ఆఫీసు మెట్ల దగ్గరే ఉన్నారు, ఎటూ తేల్చుకోలేక.

"అప్పా" అని సొంత అక్కని పిలిచినట్టు పిలిచాడు అతను. కాంతం కళ్లెత్తింది. "మీ ఆయన పేరేటి?"

"తప్పుకో!" కానిస్టేబుల్ లాఠీతో కమ్మీల మీద కొట్టాడు. అతను చెయ్యి తియ్యలేదు.

"పైడిరాజు" అంది కాంతం. "తోటపుట్టుగ. ముప్పై నాలుగేళ్లు. వెల్డింగు నేర్సుకున్నాడు..." చెంగుతో ముఖం తుడుచుకుంది. మళ్లీ అందుకుంది. "ఆడ్ని గదిలో ఎట్టి తాళమేసినారు."

"పైడిరాజు. తోటపుట్టుగ" అని అతను వెనక్కి తిరిగి గట్టిగా చెప్పాడు. వెనకున్నవాడు తన వెనకవాడికి చెప్పాడు. లాఠీ రెండోసారి అతని వేళ్ల మీద పడింది.

"మెల్లగా సెప్పప్పా" అన్నాడు అతను, నెత్తురోడుతున్న చేత్తోనే కమ్మీ పట్టుకుని. "అక్కుపల్లిలో నాను సెప్పాల. ఒక్క ముక్క కూడా పోకూడదు."

వ్యాను ముందు రోడ్డు మీద జనం కూర్చుంటున్నారు. కాంతం కిటికీ దగ్గరికి జరిగి, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.